ఆటలో అరటిపండు

మన యిండ్లముందర పిల్లలు ఆడు ఆటలలో ఒక చిత్రమైన పదవి కలదు. పెద్దపిల్లలు దాగుడుమూతలో చెడుగుడో ఆడుచుండగా నాలుగైదేండ్ల తమ్ముడో చెల్లెలో వచ్చి తానును ఆడెదనని పట్టుపట్టును. త్రోసివేసినచో ఏడ్పు, ఏడ్పు వెంట అమ్మ కేక. చేర్చుకొన్నచో ఆట కుంటుపడును. ఈ చిక్కునకు మన పిల్లలే ఒక ఉపాయము కనిపెట్టిరి. ఆ పసివానిని "ఆటలో అరటిపండు" అని పేరుపెట్టి చేర్చుకొందురు. అరటిపండు అందరితోపాటు పరుగెత్తవచ్చును, దాగవచ్చును, కేకలు వేయవచ్చును. కాని వాడు దొరకినను దొంగ కాడు. వాడు తాకినను ఎవరును ఔటు కారు. వాని గెలుపునకు లెక్క లేదు, ఓటమికిని లెక్క లేదు.

ఈ పదవిని కల్పించిన పిల్లల దయను మేము మెచ్చుకొందుము. ఏడ్చుచున్నవానిని ఇంటికి తరిమివేయుటకంటె ఇది మేలు. అయినను అరటిపండునకు కొన్నాళ్ళకు తెలివి వచ్చును. తన్నెవరును పట్టుకొనుట లేదనియు, తన పేరు ఏ జట్టులోను లేదనియు వాడు గ్రహించును. ఆ దినమున వానియెదుట రెండు త్రోవలుండును. ఒకటి నిజమైన ఆటగాడగుట. రెండవది గట్టున కూర్చుండి చూచువాడగుట.

ఉన్నత పాఠశాలలో ఈ మాట వినబడదు. అరటిపండ్లు మాత్రము ఉన్నవి. ఎన్నడును బ్యాటు పట్టి యెరుగని బాలుడు, పొట్టివాడగుటచే వాలీబాలు వల మీదికి చేయి అందనివాడు, కాలు సరిగా లేనివాడు, "ఆడపిల్లకు ఆటలేమి" అని ఇంటివారు అనగా విని పెరిగిన బాలిక, వీరందరును సాయంకాలపు గంట మ్రోగగానే మైదానపు అంచున చేరుదురు. బంతి బయటికి వచ్చినపుడు తెచ్చి యిత్తురు. అదియే వారి ఆట. పదవ తరగతి ముగియునప్పటికి ఆట తమది కాదను నమ్మకము వారిలో గట్టిపడును. ఆ నమ్మకము ఆటతోనే ఆగదు.

మేము చెప్పదలచినది ఇది. పందెపు దినమున నియమములన్నియు నిలువవలెను. కాని ప్రతిదినము ఆడుకొను ఆటలో, బలహీనునికిని లెక్కలో చోటు దొరకునట్లు నియమములను సడలించుట తప్పు కాదు. అది మన విధి. అయితే ఆ సడలింపు అందరి యెదుట, ఆట మొదలు కాకమునుపే జరుగవలెను.

ఈ విషయమున మనకు పాఠము చెప్పగల ఆట గోల్ఫు. మన బోథ్ పిల్లలు దానిని టెలివిజనులో తప్ప చూచియుండరు. మన రాష్ట్రమున దానిని చూడవలెనన్న హైదరాబాదునకు పోవలెను. అచ్చట గోలకొండకోట కొత్తభాగమగు నయాఖిలాలో ఒక గోల్ఫు మైదానము కలదు. ధనవంతుల ఆట యని పేరుపడిన దానినుండి నల్లరేగడి నేలమీద ఆడుకొను మన పిల్లలు నేర్చుకొనవలసినదేమి యని కొందరు అడుగవచ్చును. ప్రపంచమున ఇంత కఠినమైన నియమములు గల ఆట అరుదు; అట్టి ఆటయే తన నియమములను తానే సడలించుకొన్నది. కావుననే దానిని ఉదాహరించుచున్నాము.

గోల్ఫును మన చిర్రగోనెకు దూరపు చుట్టమనవచ్చును. అందును కర్రతో చిన్నవస్తువును దూరముగా కొట్టవలెను. విశాలమైన పచ్చికబయలులో చిన్నచిన్న గుంటలు పదునెనిమిది యుండును. ఆటగాడు బంతిని కొట్టుచు ఒక్కొక్క గుంటలో పడవేసికొనుచు పోవలెను. ఎవడు తక్కువ దెబ్బలతో ముగించునో వాడు గెలుచును. దారిలో ఇసుకగోతులు, నీటిమడుగులు, పొదలు అడ్డుపడును. ప్రతి ఆటగానివెంట న్యాయనిర్ణేత నడువడు. ఎవని తప్పును వాడే చెప్పుకొనవలెను.

ఈ ఆటకు మనకు తెలిసిన తొలి లిఖిత నియమములు 1744లో స్కాట్లండు దేశపు లీత్ అనుచోట వ్రాయబడినవి. అవి 13 మాత్రమే. క్రికెట్టునకు తెలిసిన తొలి నియమావళియు ఆ సంవత్సరముదే యగుట చిత్రము. కాలము గడచినకొలది గోల్ఫు నియమములు పెరిగి 34 అయినవి. వాటిపై తీర్పులతో కూడిన లావుపాటి గ్రంథము వేరుగా నుండెడిది. సామాన్యుడు ఆదివారము ఉదయమున నలుగురు స్నేహితులతో ఆడుకొనుటకు పోయి, తాను తెలియక చేసిన తప్పునకు ఎన్నిదెబ్బల శిక్షయో తేల్చుకొనలేక తల పట్టుకొనెడివాడు.

ఆ కఠినత యెట్టిదో ఒక్క ఉదాహరణముచే తెలియగలదు. 1968లో అమెరికాలో జరిగిన మాస్టర్సు పోటీలో అర్జెంటీనా దేశీయుడగు రొబెర్టో డి విసెంజో తన 45వ పుట్టినదినమున అద్భుతముగా ఆడెను. అతనితో కలసి ఆడి అతని లెక్క వ్రాయుచున్నవాడు పదునేడవ గుంటవద్ద 3 దెబ్బలకు బదులు పొరపాటున 4 అని వ్రాసెను. డి విసెంజో దానిని గమనింపక సంతకము చేసెను. నియమము ప్రకారము సంతకము చేసిన హెచ్చు లెక్కయే నిలిచినది. ఆ దినమున ఆడిన 65 దెబ్బలు కాగితముమీద 66 అయినవి. ఒక్క దెబ్బతో అతడు బిరుదును పోగొట్టుకొనెను. అతడు ఎవరిని నిందింపక తన అజాగ్రత్తయే కారణమని ఒప్పుకొనెను. అంతటి పోటీలో నియమము అట్లుండుటకు కారణముండవచ్చును. కాని సెలవుదినమున ఆడుకొను గుమాస్తామీదను, పాఠశాల పిల్లవానిమీదను అదే త్రాసును పెట్టినచో ఆట మిగులునా?

ఈ ప్రశ్న గోల్ఫు పెద్దలకును తోచినది. నియమములను కాపాడు రెండు సంస్థలు, అనగా స్కాట్లండులోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యు.ఎస్.జి.ఏ., అనేక సంవత్సరములు ఆలోచించి 2019 జనవరి 1 నుండి కొత్త నియమావళిని అమలుపరచినవి. 34 నియమములు 24కు తగ్గినవి. పోయిన బంతిని వెదకుటకు అయిదు నిమిషములుండగా మూడు చేసిరి; దీనిచే వెనుకవచ్చువారు ఎండలో నిలువబడి యుండు బాధ తగ్గినది. వెదకునపుడు కాలు తగిలి బంతి కదలినచో శిక్ష లేదు. ఒకే ఊపులో కర్ర బంతికి రెండుసార్లు తగిలినచో అదివరకు శిక్ష యుండెను; ఇప్పుడు లేదు. ఒక గుంటవద్ద ఇన్ని దెబ్బలకు మించి వ్రాయనక్కరలేదను హద్దుతో ఆడు పద్ధతిని గూడ నియమములలో చేర్చిరి. కొత్తవాడు ఒక ఇసుకగోతిలో పది దెబ్బలు కొట్టినను వాని దినమంతయు అచ్చటనే మునిగిపోవలసిన పని లేదు.

వీటన్నిటికంటె మాకు నచ్చినది వేరొకటి. హద్దు దాటిన బంతికి గాని, పోయిన బంతికి గాని పాత నియమము ప్రకారము తిరిగి మొదటిచోటికి నడచిపోయి మరల కొట్టవలెను. కొత్త నియమావళితోపాటు ఒక స్థానిక నియమమునకు అనుమతి నిచ్చిరి: రెండు దెబ్బల శిక్ష వేసికొని, బంతి పోయినచోటి సమీపముననే ఆట సాగించవచ్చును. ఇది సామాన్యుల ఆటకే గాని మేటి ఆటగాండ్ర పోటీలకు కాదని కూడ చెప్పిరి. ఒకే ఆటకు రెండు త్రాసులు! ఇందు మోసము లేదు, అవమానము లేదు. ఎవరికి ఏది తగునో ముందుగనే చెప్పి వ్రాసియుంచిరి.

స్థానిక నియమమనగానే మాకు మన వానకాలము గుర్తునకు వచ్చును. నేల బురదయై బంతికి మట్టి యంటుకొను కాలమున, బంతిని ఎత్తి తుడిచి దగ్గరలో పెట్టుకొని కొట్టుటకు గోల్ఫు సంఘములు అనుమతి నీయవచ్చును. నల్లరేగడి నేల యొక్క గుణము మన పిల్లలకు ఎవరును చెప్పనక్కరలేదు. ఆషాఢ శ్రావణములలో ఆ నేలమీద పరుగెత్తినవానికి ఒక్కొక్క కాలికి సేరు మట్టి యంటుకొనును. అట్టి నేలపై వేసవినాటి నియమమునే పట్టుకొని వ్రేలాడుట నియమభక్తి కాదు, మొండితనము.

ఇక గోల్ఫునందలి అన్నిటికంటె తెలివైన ఏర్పాటును చెప్పెదము. దాని పేరు హ్యాండీక్యాపు. అది ఆటగాని శక్తిని బట్టి యిచ్చు దెబ్బల మినహాయింపు. ఉదాహరణమునకు ఆరితేరిన రామయ్యయు నేర్చుకొనుచున్న సోమయ్యయు కలసి ఆడిరనుకొందము. రామయ్య 78 దెబ్బలతోను, సోమయ్య 104 దెబ్బలతోను ముగించిరి. రామయ్య మినహాయింపు 4, సోమయ్యది 32. తీసివేయగా రామయ్యకు 74, సోమయ్యకు 72. సోమయ్యయే గెలిచెను! ఎవడు తన నిన్నటి శక్తికంటె నేడు బాగుగా ఆడెనో వాడు గెలుచుటకు ఇందు వీలున్నది. తాతయు మనుమడును, గురువును శిష్యుడును ఒకే మైదానమున నిజమైన పందెము ఆడవచ్చును. 2020 నుండి దేశదేశములకు ఒకే పద్ధతి యేర్పడి, పురుషులకును స్త్రీలకును ఈ మినహాయింపు 54 వరకు ఉండవచ్చునని నిర్ణయించిరి. 2023లో అంగవైకల్యము గలవారికి తగిన మార్పులను నియమావళిలోనే 25వ నియమముగా చేర్చిరి. ఆ నియమము ప్రకారము చూపులేనివాడు సహాయకుని తోడు తీసికొనవచ్చును. ఇసుకగోతిలో కర్రను ఇసుకకు ఆనించి చూచుకొనవచ్చును, ఇతరులకు అది తప్పయినను.

అరటిపండునకును ఈ మినహాయింపునకును గల భేదమును చదువరులు గమనింపవలెను. అరటిపండును ఆటలోనికి రానిత్తురు, లెక్కలోనికి రానీయరు. మినహాయింపు పొందినవాడు లెక్కలోనికే వచ్చును. వాడు గెలువవచ్చును, వానిచేతిలో ఇతరులు ఓడవచ్చును. మొదటిది జాలి, రెండవది న్యాయము. పిల్లవానికి కావలసినది రెండవది.

ఇదియంతయు పరదేశపు మాట యనువారికి మన ఆటలనే చూపెదము. చెడుగుడునందు పూర్వమునుండి మూడు పద్ధతులు కలవు. గామినీ పద్ధతిలో ఔటైనవాడు మరల లోనికి రాడు. జట్టంతయు ఔటగువరకు కూర్చుండవలెను. సంజీవని పద్ధతిలో ఎదుటిజట్టున ఒకడు ఔటైనపుడు మన జట్టున ఒకడు బ్రతికి వచ్చును. నేటి పోటీల నియమములు దీనిని అనుసరించినవే. మూడవది అమర్ పద్ధతి. ఇందు తాకబడినవాడు బయటికి పోడు; ఎదుటిజట్టునకు ఒక పాయింటు వచ్చును, ఆట సాగిపోవును. అనగా తప్పునకు వెల యున్నది, వెలివేత లేదు. బలహీనుడైన బాలుడు గామినీ ఆటలో మొదటి నిమిషముననే ఔటై గంటసేపు కూర్చుండును. అమర్ ఆటలో గంటసేపును ఆడును. ఏ ఆటలో వాడు చెడుగుడు నేర్చుకొనునో వేరుగా చెప్పవలెనా?

వాలీబాలు పుట్టుకయే ఒక సడలింపు. 1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణపు వై.యం.సి.ఏ.లో వ్యాయామోపాధ్యాయుడగు విలియం మోర్గను, బాస్కెట్టుబాలు దూకుడునకు తాళలేని నడివయసు వర్తకులకై దానిని కల్పించెను. అప్పుడు వల ఎత్తు ఆరున్నర అడుగులు మాత్రమే. ఒక్కొక్క ప్రక్క ఎందరైనను నిలువవచ్చును. బంతిని ఎన్నిసార్లయినను తట్టవచ్చును. మూడు తట్లకు మించరాదను నియమము తరువాత వచ్చినది. నేడు మేటి పురుషుల పోటీలలో వల ఎత్తు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. పోటీలకు అది తగును. కాని అలసిన సామాన్యులకై పుట్టిన ఆటలో ఆరవ తరగతి పిల్లవాని చేయి వలకు అందలేదని వానిని బయట నిలబెట్టుట ఆ ఆట పుట్టుకనే మరచుట. 1920లో మద్రాసున హారీ క్రో బక్ స్థాపించిన వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాలవంటి సంస్థలలో శిక్షణ పొందినవారు మన పాఠశాలలకు ఆటలను తెచ్చిరి. వారు తెచ్చినది అందరికొరకు.

మన చిర్రగోనె సంగతి చూడుడు. మన ప్రాంతమున తెలుగు పిల్లలు చిర్రగోనె యందురు. మరాఠీ మాటలాడు ఇంటి పిల్లలు విటీదాండు అందురు. ఉర్దూ పిల్లలు గిల్లీ డండా అందురు. పేరు మారినట్లే నియమమును మారును. చిర్రను పైకి లేపి కొట్టుటకు ఎన్ని తడవలు, కొలత కర్రతోనా అడుగులతోనా, ఎగిరిన చిర్రను పట్టుకొన్నచో ఒక్కడే ఔటా జట్టంతయు ఔటా యన్నది వాడవాడకు వేరు. వేర్వేరు వాడల పిల్లలు కూడినపుడు ఏమి చేయుదురు? ముందుగా కూర్చుండి ఒప్పందము చేసికొందురు, పిమ్మట ఆడుదురు. గోల్ఫు పెద్దలు స్థానిక నియమమని వ్రాసినది మన పిల్లలు నోటిమాటగా ఎరిగినదే.

ఇక ఆక్షేపణలకు వత్తము. "నియమము సడలించినచో క్రమశిక్షణ చెడును, నేడు ఆటలో మినహాయింపు అడిగినవాడు రేపు పరీక్షలో అడుగును" అని కొందరు పెద్దలు అనవచ్చును. ఈ భయము నిర్హేతుకము కాదు. కాని సడలింపు వేరు, దొంగతనము వేరు. ఆటకు ముందు అందరును ఒప్పుకొన్నది సడలింపు; ఆట నడుమ తనకొక్కనికే తీసికొన్నది దొంగతనము. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్సు అను గోల్ఫు వీరుడు కొట్టబోవునపుడు బంతి రవ్వంత కదలెను. ఇతరులెవరును చూడలేదు. అతడే చెప్పుకొని ఒక దెబ్బ శిక్ష వేసికొనెను. చివరకు ఇద్దరు సమానముగా నిలిచిరి. మరల ఆడిన ఆటలో జోన్సు ఒక్క దెబ్బతో ఓడెను. ఆ శిక్ష లేనిచో బిరుదు అతనిదే. 1969లో ఇంగ్లండునందలి రాయల్ బర్క్‌డేలులో జరిగిన రైడర్ కప్పు పోటీలో, ఆఖరి గుంటవద్ద టోనీ జాక్లిను కొద్ది అడుగుల దూరమునుండి బంతిని గుంటలో వేయవలసియుండెను. తప్పినచో బ్రిటను ఓడును. జాక్ నిక్లాసు ఆ దెబ్బను కొట్టనక్కరలేదని విడిచిపెట్టెను. పోటీ 16కు 16గా సమమైనది. ఇట్టి పోటీలలో అట్లు విడుచుటకు నియమమే అనుమతించును. ఒకడు తనపై నియమమును బిగించుకొనెను. ఒకడు ఎదుటివానిపై సడలించెను. ఈ రెండును ఒకే గుణమునకు రెండు ముఖములని మా యభిప్రాయము. తనకు బిగింపును ఎదుటివానికి సడలింపును కోరువానిచే క్రమశిక్షణ చెడదు.

రెండవ ఆక్షేపణ మొదటిదానికంటె బలమైనది. "నియమమే బలహీనునికి రక్ష. అది వదలైనచో బలవంతుని నోటిమాటయే చట్టమగును" అని. ఇది సత్యము. వీధి క్రికెట్టులో బ్యాటు ఎవనిదో చట్టము వానిదే యగుట అందరెరిగినదే. వాడు ఔటైన బంతి "ట్రయల్ బాలు" అగును; ఇతరులు ఔటైనది మాత్రము ఔటే. కావున మేము కోరు సడలింపునకు మూడు కట్టుబాట్లు కావలెను. అది ఆటకు ముందే చెప్పబడవలెను. అది ఎవరికొరకో వారును ఒప్పుకొనవలెను. ఆట నడుమ దానిని ఎవరును మార్చరాదు. ఈ మూడును లేనిచోట కఠిన నియమమే మేలని మేమును అంగీకరింతుము.

"ఇట్లు నేర్చినవారు మండలపు పోటీలలో నిలువగలరా?" యని మూడవవారు అడుగుదురు. మినహాయింపు నిచ్చెనవంటిది, మెట్టు మెట్టునకు దానిని విడిచిపోవలెను. గోల్ఫులో ఆటగాని శక్తి పెరిగినకొలది అతని మినహాయింపు తరుగును. ఆ తరుగుదలయే అతనికి బహుమానము. మన పిల్లవాడును మొదట దగ్గరనుండి సర్వీసు వేయనిండు. మూడు నెలలకు గీతవద్దకు పోవును. పందెమునకు పోవు జట్టు వేరుగా, పూర్తి నియమములతో సాధన చేయవలసినదే. ఆ జట్టున నిలుచువారు పన్నెండుగురు. పాఠశాలలో పిల్లలు వందలు. పన్నెండుగురి నియమము వందలమందిని కూర్చుండబెట్టరాదు.

కావున సాయంకాలపు ఆటలకు ఈ క్రింది యేర్పాట్లను విద్యార్థుల యెదుటను, సహోపాధ్యాయుల యెదుటను ఉంచుచున్నాము.

మొదటిది: ఆట మొదలు కాకమునుపు ఆనాటి ప్రత్యేక నియమములను నాయకుడు నల్లబల్లమీద వ్రాయవలెను. వ్రాయనిది చెల్లదు.

రెండవది: పెద్దలును చిన్నలును కలసి ఆడు చెడుగుడు అమర్ పద్ధతిని జరుగవలెను.

మూడవది: వాలీబాలునందు చిన్నతరగతులకు వలను దించవలెను, నేర్చుకొనువారు ముందునుండి సర్వీసు వేయవచ్చును, మొదటిది తప్పినచో రెండవసారి వేయవచ్చును.

నాలుగవది: క్రికెట్టునందు ప్రతివానికిని పన్నెండు బంతులు. ఔటైనను వాడు బ్యాటు విడువడు. ఒక్కొక్క ఔటునకు జట్టు లెక్కనుండి అయిదు పరుగులు తీసివేయవలెను. నాలుగు గోడలనడుమ ఆడు క్రికెట్టులో ఇట్టి పద్ధతి యిదివరకే కలదు. ప్రతివాడును ఒక ఓవరైనను బంతి వేయవలెను.

అయిదవది: ప్రతి విద్యార్థికిని ఒక చీటీ యుండవలెను. పరుగులోను, దూకుటలోను, బంతి విసరుటలోను తన క్రిందటి నెల కొలతను దానిలో వ్రాసికొని, ఎవరు ఎక్కువ వృద్ధి పొందిరో చూడవలెను. వార్షిక దినమున మొదట వచ్చినవానికి బహుమతి యిచ్చునట్లే, మిక్కిలి వృద్ధి పొందినవానికిని ఒక బహుమతి యుండవలెను.

సడలింపరానివియు కొన్ని కలవు. న్యాయనిర్ణేత మాట, లెక్క చెప్పుటలో సత్యము, దెబ్బలు తగులకుండ చూచుకొను జాగ్రత్త, ఎదుటివాని కులమును గాని భాషను గాని శరీరమును గాని ఎత్తిపొడువకుండుట, ఈ నాలుగును పెద్ద పందెమునకు ఎట్లో చిన్న ఆటకును అట్లే. గట్టినవి గట్టిగా ఉన్నపుడే తక్కినవి వదలు చేయుటకు వీలగును.

తలిదండ్రులకు ఒక మనవి. మీ కుమారుడు ఇంటికి వచ్చినపుడు "గెలిచితివా?" యని అడుగుట సహజమే. దానికి ముందు "ఆడితివా?" యని అడుగుడు. కుమార్తెనును అట్లే అడుగుడు. పత్తి యేరు దినములలో చేనివద్ద పిల్లల చేతులు కావలసివచ్చునని మేమెరుగుదుము. ఆ పని లేని దినములలోనైనను సాయంకాలపు ఒక గంట వారిది కానిండు.

విద్యార్థులారా! మీలో బలవంతులు, నేర్పరులు కలరు. వారు మైదానపు అంచున నిలిచినవారివైపు ఒకసారి చూడవలెను. వారికి అరటిపండు పదవి వలదు. వారికొక తగిన నియమమును, జట్టులో ఒక పేరును, లెక్కలో ఒక అంకెను ఇండు. వారిచేతిలో ఒక్కొక్కనాడు మీరు ఓడిపోవుదురు. ఆ ఓటమివలన మీకు నష్టము లేదు. ఆడువారు పెరిగిరని దాని యర్థము.